పాడుపెట్టని ఇల్లు

తల్లి శంకరమ్మను ఎడమ పక్కకు తిప్పేసరికి రేణుక ఒళ్లంతా చెమటతో తడిసి జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. చేతులతో పట్టి తిప్పితే కుదరదు. నడుం కింద అడ్డంగా పరిచిన దుప్పటి అంచును రెండు పిడికిళ్లలో బిగించి, మోకాలు మంచం పట్టెకు ఆనించి, దుప్పటితో పాటే మనిషిని మెల్లగా తనవైపు లాక్కోవాలి. తల, భుజం, నడుము, కాళ్లు అన్నీ ఒక్కసారే కదలాలి. రొమ్ములో పుట్టిన క్యాన్సర్ వెన్నులోకి, అక్కడి నుంచి కుడి తుంటిలోకి దిగింది. పెద్ద దవాఖానలో ఇక మందు లేదని చెప్పి ఇంటికి పంపాక, నొప్పి తెలియకుండా చూడటానికి చేవెళ్ల నుంచి వారానికోసారి నర్సు జెన్నీ వస్తున్నది. ఆమె మొదటి రోజే చెప్పింది. "ఎముకలు మురుమురాల లెక్క అయినయక్కా. తప్పుగ పట్టుకుంటే పలుగుతయ్."

మోకాళ్ల మధ్య దిండు పెట్టి, నైటీ వెనకభాగం కత్తిరించిన చోట తొలగించి, నడుం మీది పుండును కడగసాగింది రేణుక. పుండు అరచేతంత ఉంది. లోపల తెల్లగా ఎముక కనపడుతున్నది. దూదితో అద్దుతుంటే శంకరమ్మ దవడలు బిగించింది.

"నీ చేతులిరుగ. నిన్ను కన్నప్పుడు గూడ ఇంత నొయ్యలేదే."

"అప్పుడు కన్నవు గన్క ఇప్పుడు కడుగుతున్న. ఊకో."

"కనకున్నా బాగుండె."

"ఇగ అనుకొని ఏం లాభం," అని రేణుక నవ్వింది. ముసల్ది కూడా నవ్వబోయి దగ్గింది. దగ్గితే నొప్పి నడుం దాకా పాకింది. నోరు తెరుచుకుని, చప్పుడు బయటికి రాక, కళ్లల్లో నీళ్లు మాత్రం వచ్చాయి. వాసన తగ్గడానికి నూరి పెట్టుకున్న మాత్ర పొడిని పుండు మీద చల్లి, మెత్తటి గుడ్డ వేసి, ప్లాస్టర్ అంటించింది రేణుక. దగ్గర్లోనే ఉన్న ప్రొద్దుటూరులో భర్తనూ ఇంటినీ వదిలి ఆమె ఉగాది ముందు వచ్చింది. మొయినాబాద్ దగ్గర పూల షెడ్డులో జెర్బెరాలు కోసే పని మానేసింది. రోజుకు ఐదు వందల కూలి పోయింది. ఆ లెక్క ఆమె అడగలేదు, అన్న నర్సింహ తీయలేదు.

ఆ రోజు పొద్దుటి నుంచి శంకరమ్మ ఊపిరి తీరు మారింది. నాలుగు సార్లు గబగబా తీసి, ఒక్కసారి ఆగుతున్నది. ఆగినప్పుడల్లా రేణుక చేతిలో పని ఆగుతున్నది.

నర్సింహ ఫోను చేత్తో పట్టుకొని గదిలోకి వచ్చి, వాసనకు ముక్కు మూసుకోబోయి, చెల్లె చూస్తున్నదని చెయ్యి దించాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"అయ్యగారికి ఫోన్ జేసిన. పంచాంగం చూసి చెప్పిండు. ఈ పొద్దు మాపటి నుంచి ధనిష్ఠ పంచకం తగుల్తదంట. ఐదు దినాలు."

"తగిల్తే?"

"తగిల్తే ఏందే? తెల్వనట్టు అడుగుతవ్. ఆ ఐదు దినాల్ల ఇంట్ల పాణం పోతే ఇల్లు ఆర్నెల్లు పాడుబెట్టాలె. దీపం పెట్టేటోడు గూడ ఉండొద్దు. యాదయ్య పెద్దనాయిన ఇల్లు చూసినవ్ గదా."

యాదయ్య ఇల్లు ఊళ్లో అందరూ చూశారు. ఆయన తమ్ముడు ఆ నక్షత్రంలోనే పోతే, పదకొండో రోజున తలుపులకు ముళ్లకంప అడ్డం పెట్టి, కుటుంబమంతా గొర్ల కొట్టంలో వానాకాలం గడిపారు. తిరిగి వచ్చేసరికి పైకప్పు కూలి ఉంది. నర్సింహది పెంకుటిల్లు కాదు. తల్లి పేరు మీదున్న చెలక భూమిని సిటీ ఆసామికి ఫామ్‌హౌస్ కోసం అమ్మి, చిన్న మంగళారంలో రోడ్డు మీద కట్టిన రెండంతస్తుల స్లాబు. కింద ఒక షట్టర్‌లో టిఫిన్ సెంటర్, ఇంకో షట్టర్‌లో సెల్‌ఫోన్ల దుకాణం. పైన దొంతన్‌పల్లి యూనివర్సిటీలో పనిచేసే మొగుడూ పెళ్లాలు కిరాయికి ఉన్నారు. ఇంటికి తాళం వేస్తే అందరూ పోతారు. ఒకసారి పాడుపెట్టిన ఇంట్లోకి మళ్లీ ఎవరూ కిరాయికి రారు. అది నర్సింహ భయం. అబద్ధపు భయం కాదు.

"అయితే ఏం జేద్దమంటవ్ అన్నా?"

"మన పొలంల బోరు కాడ రేకుల గదిల ఏస్తం. ఐదు దినాలే. మల్ల తెచ్చుకుందం."

రేణుక దూది గిన్నె కింద పెట్టింది. "ఎండాకాలం. రేకుల కింద. కదిలిస్తే ఇరుగుతదని సిస్టర్ నీకు చెప్పలే? నీ ముంగటే చెప్పింది."

"ఆమెకేం తెలుసు. ఆమెది చర్చి. ఆమెకు పంచాంగముంటదా, పాడుబెట్టుడుంటదా?"

"ఎముకలుంటయ్ గద."

నర్సింహ ముఖం మాడింది. "నీకు మాటలు మస్తొచ్చినయే. రేపు ఇల్లు మూతబడితే నీ మొగడు జ్ఞానేశ్వర్ తెచ్చి పెడతడా మాకు? పెద్దోణ్ణి నేను. ఇంటి బాధ నాది."

"బాధ ఎవరిదో మంచం మీదున్నది, చూడరాదు."

ఆ మాట తరువాత మంచం మీది మనిషే నోరు విప్పింది. కళ్లు మూసుకునే ఉంది. "నన్ను అవతలెయ్యండ్రి బిడ్డా. నా మూలాన కట్టిన ఇంటికి దోషం రావొద్దు."

"ఇగో," అన్నాడు నర్సింహ, తల్లి మాట చేజిక్కించుకుని. "అవ్వనే అంటున్నది. ఇంకేంది నీది?"

"అవ్వ ఇంటి గురించి అంటున్నది. నేను అవ్వ గురించి అంటున్న. నేనుండంగ ఎత్తనియ్య."

నర్సింహ గిన్నెను కాలితో తన్నాడు. దూదీ, సెలైన్ నీళ్లూ, పుండు రసి అంటిన గుడ్డలూ గ్రానైటు నేల మీద పరుచుకున్నాయి. గిన్నె గోడకు కొట్టుకుని గింగిరాలు తిరిగింది. శంకరమ్మ ఉలిక్కిపడింది. ఆ ఉలికిపాటుకే తుంటిలో ఏదో కలుక్కుమని, "అవ్వో," అని మూలిగింది. నర్సింహ ఇంకో మాట అనకుండా బయటికి పోయాడు. రేణుక నేల తుడిచి, గుడ్డలు ఏరింది. అన్న తగ్గాడనుకుంది. ఆమె చేసిన పొరపాటు అదొక్కటే.

వదిన పూర్ణిమ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆమె అత్తను ముట్టుకున్నది తక్కువ. పడకేశాక ఆ గదిలోకే రాలేదు. ఆ రోజు లోపలికి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆ గుడ్డలు నానబెట్టుకో పో రేణుకా. నేను జరసేపు కూసుంట."

"వాసనొస్తది వదినా."

"వస్తే రానీ. నా అత్త గాదా."

మనుషులు ఎప్పుడో ఒకప్పుడు మారతారనుకుంది రేణుక. బకెట్ తీసుకుని వెనక బాత్రూంలోకి పోయింది. సర్ఫు వేసి గుడ్డలు పిండుతుంటే బయట గొళ్లెం పడిన చప్పుడైంది.

మొదట గాలికనుకుంది. తోసి చూసింది. రాలేదు.

"వదినా? వదినా, గొళ్లెం పడ్డది."

ముందువైపు ట్రాక్టర్ వచ్చి ఆగిన చప్పుడు, ట్రాలీ వెనక తలుపు దబ్బున పడిన చప్పుడు. మగ గొంతులు. "కాళ్లు నువ్వు పట్టు. తల నేను పట్టుకుంట. పరుపుతోని వద్దు, పరుపు తలుపులకెల్లి రాదు."

"అన్నా!" రేణుక రెండు చేతులతో తలుపు బాదింది. "అన్నా, దుప్పటితోని ఎత్తుండ్రి! కాళ్లు పట్టకుండ్రి! వదినా, నీ కాల్మొక్కుత, గొళ్లెం తియ్యి!"

అప్పుడు శంకరమ్మ అరిచింది.

నెలల తరబడి తల్లి మూలుగులు విన్న చెవులవి. ఏ మూలుగు పుండుకు, ఏ మూలుగు మూత్రం పైపుకు, ఏ మూలుగు ఉత్తగా మనిషి కావాలనడానికి అన్నది రేణుకకు తెలుసు. ఈ అరుపు ఆమె ఎన్నడూ వినలేదు. కోసేటప్పుడు మెడ తప్పించుకున్న మేక అరుపులా లేచి, సగంలో తెగిపోయింది. తెగిపోవడమే ఎక్కువ భయపెట్టింది.

బాత్రూంది ప్లాస్టిక్ తలుపు. రేణుక గోడకు వీపు ఆనించి కింది పలకను తన్నింది. రెండోసారికి పగులు పడింది. మళ్లీ తన్నింది. మడమ చీరుకుపోయింది. పగులులో చెయ్యి పెట్టి పలకను లాగితే అంచు మోచేతి దాకా గీసుకుపోయింది. ఆ సందులోంచి కుక్కలా పాకి బయటపడింది.

హాల్లో పూర్ణిమ ఎదురొచ్చింది. ఇద్దరి మధ్య మాటల్లేవు. రేణుక ఆమె కొప్పు పట్టి గుంజింది. పూర్ణిమ ఆమె ముఖం మీద రక్కింది. డైనింగ్ టేబుల్ మీది కూర గిన్నె కిందపడి పగిలింది. రేణుక వదినను సోఫా మీదికి తోసి గుమ్మం దాటేసరికి నర్సింహ ఎదురుగా ఉన్నాడు. ఆయన చెంప మీద కొట్టిన దెబ్బకు ఆమె మూడు మెట్లూ దొర్లి ట్రాలీ చక్రం దగ్గర పడింది. టిఫిన్ సెంటర్‌లో దోసె తింటున్నవాళ్లు ప్లేట్లు పట్టుకుని లేచి నిలబడ్డారు. ఒక్కరూ దగ్గరికి రాలేదు.

"లోపలికి పోవే. ఇజ్జత్ తీస్తున్నవ్ నలుగుట్ల," అని నర్సింహ ట్రాలీ ఎక్కాడు. డ్రైవర్ భిక్షపతి వెనక్కి తిరిగి చూడకుండా గేరు వేశాడు.

రేణుక నోట్లో రక్తం ఉమ్మి, చెప్పుల్లేని కాళ్లతో ట్రాలీ వెంట పరుగెత్తింది. ఊరి చివర దాటి, క్యారెట్ మడి పక్కన బాట ఎగుడుదిగుడుగా ఉంది. ట్రాలీ ఎగిరినప్పుడల్లా ఆమె గుండె ఎగిరింది. లోపలి నుంచి అరుపు వినపడటం లేదు. ఎందుకు వినపడటం లేదో బోరు దగ్గరికి చేరాక అర్థమైంది. తల్లి నోట్లో నర్సింహ తువ్వాల కుక్కి ఉంది.

ఆమె దాన్ని లాగేసింది. అంచుకు నెత్తురు అంటింది. ముసల్దానికి మిగిలిన రెండు పళ్లలో ఒకటి ఊడి తువ్వాలలో ఉంది.

రేకుల గది అంటే మూడువైపులా ఇటుక, ఒకవైపు తలుపు, పైన రేకు. యూరియా సంచులు, మందు కొట్టే డబ్బాలు, కొడవళ్లు, పైపులు. మధ్యాహ్నం లోపల గాలి పొయ్యి మీంచి వచ్చినట్టుంది. ఉత్త నులక మంచం మీద శంకరమ్మను పడేసి అన్న వెళ్లిపోయాడు. పడేశాక ఆయన తల్లి ముఖం చూడలేదు. చూసి ఉంటే ఏమయ్యేదో రేణుకకు తెలియదు. కుడి పాదం బయటి వైపు తిరిగి, నేల మీద పడ్డ చెప్పులా పక్కకు వాలి ఉంది. తొడ మొదట్లో చర్మం నిగనిగలాడుతూ ఉబ్బుతున్నది.

రేణుక అరవలేదు, ఏడవలేదు. అప్పుడు ఏడిస్తే చేతులు వణుకుతాయి. కొంగు ముడిలో ఎప్పుడూ ఉంచుకునే మార్ఫిన్ మాత్ర తీసి, నీళ్లలో కరిగించి, చెంప లోపలికి కొద్దికొద్దిగా పోసింది. రెండు యూరియా సంచులు ఈడ్చుకొచ్చి, ఆ కాలు కదలకుండా ఇటొకటి అటొకటి పెట్టింది. మందు డబ్బాలన్నీ బయటికి విసిరింది. ఒక డబ్బా మూత ఊడి మడి గట్టున తెల్లగా కారింది.

మరునాడు జెన్నీ ఇంటికి వెళ్లి, ఖాళీ మంచం, పసుపు నీళ్లతో కడిగిన గది చూసి, టిఫిన్ సెంటర్‌లో అడిగి స్కూటీ మీద బోరు దగ్గరికి వచ్చింది. చెయ్యి తగలకుండానే తుంటి చూసింది.

"ఇరిగింది. ఎవరెత్తిన్రు?"

"కన్నోడే."

"డాక్టర్‌తోని మాట్లాడి మాత్ర డోసు పెంచుత. ఆపరేషన్‌కు ఆగే ఒళ్లు కాదక్కా ఇది. అంబులెన్సుల ఏసినా తోవల పోతది, మస్తు బాధతోని పోతది. ఇగ ఎన్ని దినాలుంటె గన్ని దినాలు ఇక్కడ్నే. మంచి జాగైనా, చెడ్డ జాగైనా, ఎవ్వరు ఎత్తొద్దు. అర్థమైందా?" అని, రేణుక మోచేతి గాయం కడిగి కట్టు కట్టింది. "నీ చెంప?"

"అది నా చెంప గాదు సిస్టర్. మా అన్న చెంప. ఇంట్ల ఏదున్నా ఆయనదేనంట."

జెన్నీ నవ్వలేదు. పోయేముందు కన్నీళ్లు కనపడకుండా హెల్మెట్ పెట్టుకుంది.

భిక్షపతి మాపటికి గోనె సంచులు మోసుకొచ్చాడు. తడిపి రేకుల మీద పరిచి, బోరు పైపును వాటి మీదికి తిప్పాడు. కరెంటున్నంతసేపు రేకు మీంచి నీళ్లు కారి గది కొంచెం చల్లబడింది. పని అయ్యాక కూడా పోలేదు. గట్టు మీద గొంతుక్కూర్చుని చెప్పాడు.

"నాకు ఎముకల ముచ్చట తెల్వదక్కా. అన్న కాళ్లు పట్టుమన్నడు, పట్టిన. ఇరిగినప్పుడు సప్పుడు గూడ కాలే. చేతులకు తెలిసింది. నా రెండు చేతుల్ల తెలిసింది. రాత్రి బువ్వ కలుపబోతె చేతులు..." అని ఆగిపోయాడు. "మా ఇంటామె సారమ్మ నాతోని మాట్లాడ్తలేదు."

"పొద్దున సారమ్మను పంపు. కడగనీకి ఇంకో మనిషి కావాలె," అంది రేణుక. ఓదార్పు ఆమె దగ్గర మిగల్లేదు.

సారమ్మ వచ్చింది. ఇద్దరూ కలిసి కాలు కదలకుండా తుడవడం, మూత్రం సంచి మార్చడం, చీమలెక్కకుండా మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టడం చేశారు. మొదటి రెండు రోజులు శంకరమ్మకు తెలివి వస్తూ పోతూ ఉంది. మాత్ర పనిచేసినంతసేపు నిద్ర. దిగిపోతే నులక దారాలు పట్టుకుని, దారం తెగేదాకా గుంజేది. వేళ్ల సందుల్లో నులక కోసుకుని నెత్తురొచ్చింది. మూడో రోజు డోసు సరిపడింది. ముఖం తేటపడింది. జావ మూడు చెంచాలు తాగింది.

"రేణుకా."

"ఆఁ."

"మీ నాయినమ్మ యాదికున్నదా?"

"జర జర. ముక్కుపుడక."

"ఆమెను గూడ గిట్లనే అవతలేసినం. వానల. కల్లం కాడ కంది కట్టె కప్పి ఏసినం. అప్పుడు గూడ పంచకమే ఉండె." శంకరమ్మ కళ్లు రేకు వైపే ఉన్నాయి. "మీ బాపు కాళ్లు పట్టిండు. నేను తల పట్టిన. ముసల్ది ఒర్రింది. వాడకట్టంత ఇంటదని నేనే నోట్ల కొంగు కుక్కిన. కొంగు కొరికింది. చీర పాడైందని తిట్టిన."

రేణుక చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. తల్లి పాదం మీద చెయ్యి వేసి ఉంది. ఆ చెయ్యి తీసేద్దామనిపించింది. కోపం అన్న మీద పెట్టుకుని ఇన్ని రోజులు నిలబడింది. ఇప్పుడు ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"మొన్న అవతలెయ్యుమని నువ్వే ఎందుకన్నవే మరి?" గట్టిగానే అడిగింది. "తెలిసి తెలిసి?"

"నేను ఏసిన గద. నన్ను ఎయ్యనియ్యాలె గద అనుకున్న." కాసేపు ఊపిరి ఆగింది, మళ్లీ మొదలైంది. "నొప్పి ఎట్లుంటదో తెల్వకుండె బిడ్డా. ఆమె నొప్పి ఎట్లుండెనో ఇప్పుడు తెలిసింది."

రేణుక చెయ్యి తీయలేదు. చెంచా గిన్నెలో పెట్టి, కొంగుతో తల్లి గడ్డం మీది జావ తుడిచింది. కొంచెం గరుకుగానే తుడిచింది.

పంచకం దిగిపోయిన రోజు పొద్దున్నే ట్రాక్టర్ వచ్చింది. భిక్షపతి నడుపుతున్నాడు. నర్సింహ ట్రాలీలో నిలబడి ఉన్నాడు. కొత్త పరుపు, కొత్త చాదరు తెచ్చాడు. పూర్ణిమ పసుపు కుంకుమ పెట్టిన కలశం చెంబు పట్టుకుని ముందు కూర్చుంది. రేణుక ఇటుక మీద కూర్చుని కొడవలితో నులక అంచులు కత్తిరిస్తున్నది. లేవలేదు.

"దోషం పోయింది. ఇగ ఇంటికి తీస్కపోదం," అన్నాడు నర్సింహ. గొంతు మెత్తగానే ఉంది. "చుట్టాలందరు ఫోన్లు జేస్తున్నరు. గుండంపల్లి చిన్నమ్మోళ్లు ఈ పొద్దే వస్తున్నరు. తల్లిని షెడ్డుల ఏసిండని ఊరంత కూస్తున్నది. టిఫిన్ సెంటర్ వాడు గూడ మొకం మీద అడిగిండు. సొంతింట్ల గడపలకెల్లి సాగనంపాలె అవ్వను. మంచి గడియ ఉన్నది."

"అవ్వ తుంటి ఇరిగింది."

"తెలుసు. మెల్లగ ఎత్తుతం."

"మొన్న గూడ మెల్లగనే ఎత్తిన్రు."

పూర్ణిమ దిగి వచ్చింది. "ఇగ రచ్చ జెయ్యకు రేణుకా. నలుగురు నవ్వవట్టిరి. ఇంట్ల ఏసీ పెట్టినం ఆమె కోసం."

"గొళ్లెం గూడ పెట్టినవ్ గద వదినా, ఆ దినం."

పూర్ణిమ ముఖం తిప్పుకుంది. నర్సింహ ఇంక మాటలు పెంచకుండా గదిలోకి అడుగు పెట్టి, తల్లి భుజాల కిందికి చెయ్యి పోనిచ్చాడు. శంకరమ్మ గొంతులోంచి గుర్రుమని శబ్దం వచ్చింది. రేణుక వెనక నుంచి ఆయన కాలరు పట్టి లాగింది. ఆయన మోచేత్తో ఆమె రొమ్ము మీద పొడిచాడు. ఆమె గోడకు కొట్టుకుని మళ్లీ వచ్చింది. ఈసారి ఆమె చేతిలో కొడవలి ఉందని ఇద్దరూ మరిచారు. ఆయన మళ్లీ తల్లి మీదికి వంగాడు. ఆమె చెయ్యి విసిరింది. ముంజేతి మీద చొక్కా చిరిగి, చర్మం విచ్చుకుని, ఒక్క క్షణం తెల్లగా ఉండి, ఆ తరువాత నెత్తురు దూకింది.

"నన్ను నరికినవే!" నర్సింహ చెయ్యి పట్టుకుని గుమ్మం దాటి వెనక్కి పడ్డాడు. పూర్ణిమ కేకలు పెడుతూ, చెంబు చంకలో ఇరికించి, కొంగు చింపి చేతికి చుట్టింది. "అన్నను నరికింది! లం... తోడబుట్టినదాన్ని చూడుండ్రి!"

రేణుక గుమ్మంలో నిలబడింది. చేతిలో కొడవలి వణకడం లేదు.

"ఇంకొక్క అడుగు లోపటికి పెట్టకు అన్నా. పెడితే మెడ మీద ఏస్త. జైలుకు పోత, పోనీ."

"కన్నకొడుకును నేను! తలకొరివి నాది! నాకు హక్కున్నది!"

"కొరివి నాడు రా. అది సచ్చినంక ముచ్చట. బతికున్న మనిషిని ముట్టకు."

నర్సింహ భిక్షపతి వైపు తిరిగాడు. "ఏం జూస్తున్నవ్‌రా? దాన్ని అవతలికి గుంజి కాళ్లు పట్టు!"

భిక్షపతి ట్రాక్టర్ దిగలేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, వాటినే చూస్తున్నాడు. ఇంజన్ ఆపాడు.

"ఎత్త అన్నా."

"జీతమిచ్చేది ఎవర్రా నీకు?"

"నువ్వే. రేపటి నుంచి ఇయ్యకు."

నర్సింహ కాసేపు అటూ ఇటూ చూశాడు. వేలి చివర నుంచి నెత్తురు చుక్కలు చుక్కలుగా ఎర్రమట్టిలో పడుతున్నాయి. కోపం మీద కోపం తెచ్చుకోవాలని చూశాడు, రాలేదు. ఉన్నట్టుండి గొంతు చిన్నపిల్లవాడిలా అయింది. గుమ్మం బయటి నుంచే మంచం వైపు వంగి పిలిచాడు.

"అవ్వా. నువ్వు చెప్పు. దీనితోని గాదు. నువ్వు చెప్పు అవ్వా. నీ చెలక అమ్మి కట్టిన ఇల్లేనాయె. ఇంట్ల పోతవా? తీస్కపోవాల్నా?"

శంకరమ్మ కళ్లు తెరవడానికి చాలాసేపు పట్టింది. కొడుకు ముఖం ఎదురు వెలుతురులో ఆమెకు కనపడిందో లేదో. పెదవులు రెండుసార్లు కదిలాయి. గాలే వచ్చింది. మూడోసారి మాట వచ్చింది.

"మొన్న నేనే పోత అన్న. ఇప్పుడు నేనే రాను అంటున్న." ఊపిరి ఆగింది. అందరూ ఆగారు. మళ్లీ తీసుకుంది. "ముట్టకురా నర్సింహా."

పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి తల్లి నోట కాదనే మాట వినని మనిషి, గాయం చెయ్యి ఒళ్లో పెట్టుకుని, రేకుల గది ముందు మట్టిలో కూలబడ్డాడు. పూర్ణిమ ఆయన పక్కన నిలబడి, చెంబు ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే ఉంది.

"నీళ్లు," అంది శంకరమ్మ.

కుండ గుమ్మం పక్కనే ఉంది. నర్సింహ చెయ్యి దానివైపు సాగింది.

"అక్కడ్నే ఉండు," అంది రేణుక.

చెయ్యి ఆగింది.

ఆమె కొడవలిని చూరులో దోపి, దూది తడిపి, తల్లి పెదవుల మీద పిండింది. ముసల్ది నాలుకతో అందుకుంది. మళ్లీ తడిపింది, మళ్లీ పిండింది. ఎండ ఎక్కుతున్నది. కరెంటు లేదు. గోనె సంచులు ఆరిపోయి రేకు టక టకమని విచ్చుకోవడం మొదలుపెట్టింది. గుమ్మం అవతల ముగ్గురూ అలాగే ఉన్నారు. ఎవరూ లోపలికి రాలేదు, ఎవరూ వెళ్లిపోలేదు. మంచం మీద ఊపిరి నాలుగుసార్లు గబగబా ఆడి ఆగింది. రేణుక దూది పట్టుకుని వంగి ఎదురుచూస్తున్నది.